వదిన ముందుగది

జూన్ 4

వదినా,

నీకూ అన్నయ్యకీ నమస్కారాలు. ఫోను చేద్దామనుకున్నాను గానీ, ఇన్నేళ్ళుగా సీసాల యంత్రాల పక్కన నిలబడ్డ అన్నయ్య చెవులకి ఫోనులో నా గొంతు అందదు. "ఏంటీ, ఏంటీ" అని తను, "ఏం లేదులే" అని నేను, అక్కడితో మాటలు అయిపోతాయి. ఉత్తరమైతే నువ్వు ఎదురుగా కూర్చుని గట్టిగా చదివి వినిపిస్తావు. వీధంతా వింటుందనుకో. అందుకే గుట్టు విషయాలేవీ రాయడం లేదు.

హెడ్డాఫీసులో నా పని మారింది. మొన్నటిదాకా సీసాలు ఎవరికి ఎప్పుడు పంపాలో చూసేదాన్ని. ఇప్పుడు కంపెనీ లాభంలో కొంత పక్కన పెట్టి, ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి పనికొచ్చేది ఏదైనా చెయ్యాలని పైవాళ్ళు అనుకున్నారు. ఆ బాధ్యత నాకు అప్పగించారు. "ఆ ఊళ్ళో పుట్టి పెరిగావు, నీకు తెలియనిదేముంటుంది" అన్నారు మా అధిపతి. ఆఫీసులో అందరం ఆయన్ని పెద్దాయన అంటాం.

పెద్దాయనకి ఊళ్ళో ఒక సభామందిరం కట్టించాలని ఉంది. ఇంకేదో కంపెనీ వాళ్ళు కట్టించిన దాని ఫొటో ఆయన బల్లమీద ఉంది. తెల్లటి స్తంభాలు, పైన కంపెనీ పేరు. బాగానే ఉంది. కానీ నేను ఊరు వదిలి చాలా కాలమైంది వదినా. వచ్చినప్పుడల్లా మీ ఇంట్లో తిని పడుకుని వెళ్ళడమే తప్ప వీధిలో నడిచింది లేదు. అక్కడ నిజంగా ఏం కావాలో నువ్వు చెప్పు. మొహమాటపడకు. నీకు ఆ అలవాటు ఎలాగూ లేదు.

నీ ముందుగదిలో ఆ పిల్లల సంత ఇంకా నడుస్తోందా? నీ నడుం ఎలా ఉంది?

నీ ఆడపడుచు


జూన్ 16

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివి వినిపించాను. వీధంతా వింటుందని రాశావే, ఆ ముక్క దగ్గర మీ అన్నయ్య లేచి వెళ్ళి కిటికీ మూశాడు. నా గొంతు మీద అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఒకటే మాట.

నీకు పెద్ద పని అప్పగించినందుకు సంతోషం. మందిరం సంగతి మీ అన్నయ్యకి రెండుసార్లు చదివాను. కాసేపు ఆలోచించి, "తాళం ఎవరి దగ్గర ఉంటుందట?" అని అడిగాడు. అంతకుమించి ఏమీ అనలేదు. నాకూ అంతకుమించి తోచలేదు.

ఏం కావాలంటే ఏం చెప్పను. మురుగుకాలువ సంగతి నీకు తెలుసు, వాన పడితే అది మన గుమ్మం ఎక్కి కుశలం అడిగి వెళ్తుంది. ఇక ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు ఎక్కువయ్యారు. వెలుగుబల్ల ముందు కూర్చుని పగుళ్ళున్న సీసాలు ఏరేసే పనంతా ఇప్పుడు వాళ్ళదే. గాజు కొలిమి ఆరదు కాబట్టి మూడు షిఫ్టులు. పొద్దున షిఫ్టు ఆరింటికి మొదలు. చీకటితోనే నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకొచ్చి నా చాపల మీద పడుకోబెట్టి పోతారు. మా చివరింటి పొడుగమ్మాయి కూతురైతే ఎప్పుడు వచ్చిందో తెలియకుండానే నిద్ర లేచి, నన్ను చూసి, తన ఇంట్లోనే ఉన్నాననుకుంటుంది. పక్క వీధిలో టైలరమ్మ కొందరిని చూస్తుంది. మెట్ల దారిలో ఉండే ముసలావిడ, మేం మెట్లమామ్మ అంటాం, ఇంకొందరిని చూస్తుంది. తల్లులు ఇవ్వగలిగింది ఇస్తారు.

నా నడుం గురించి అడిగావు. ఉంది, ఉన్నానని రోజూ చెబుతూనే ఉంది. ఒకడు పడుకుంటే ఇంకొకడు లేస్తాడు. ఒకతె నవ్వితే ఇంకొకతె ఏడుస్తుంది. కిటికీ తలుపు సరిగా పడదు, జల్లు కొడితే చాపలు తడుస్తాయి. ఒక్కోరోజు ఈ సంతని ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండు అనిపిస్తుంది.

మీ అన్నయ్య పన్ను పీకించుకున్నాడు. పీకింది ఒకటే, పథ్యం మాత్రం నోరంతటికీ చేస్తున్నాడు.

దీవెనలతో,
వదిన


జూలై 9

వదినా,

నీ సంతని ఎత్తుకుపోయేవాళ్ళు దొరికారు.

నీ ఉత్తరంలో పిల్లల గురించి రాసిన భాగం పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన మందిరం ఫొటో సొరుగులో పెట్టేసి, "అయితే పిల్లల కోసం కడదాం" అన్నారు. ఫ్యాక్టరీ గేటు పక్క ఖాళీ స్థలంలో రెండంతస్తుల పిల్లల కేంద్రం. గోడలనిండా బొమ్మలు, మెత్తటి నేల, చదువుకున్న పంతులమ్మలు. కట్టడానికి ఏడాది పడుతుంది. అందాకా ఆగకుండా, గేటు లోపల వాడకుండా ఉన్న అతిథి గృహంలో ఆగస్టు మొదట్లోనే మొదలుపెడుతున్నాం. ఇంత త్వరగా ఏ పనీ అవడం నేను ఈ ఆఫీసులో చూడలేదు.

ఇన్నేళ్ళు ఊరి పిల్లల్ని మోశావు. ఇక హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చో. ముందుగదిలో మంచి కుర్చీ ఒకటి వేయించుకో. అన్నయ్యకి కూడా మధ్యాహ్నం ఒక కునుకు తీసే చోటు దొరుకుతుంది.

ఇదంతా నీ పుణ్యమే. సంతోషించావని ఒక్క ముక్క రాయి.

నీ ఆడపడుచు


జూలై 20

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

మీరు రాసిన ఉత్తరం అందింది. కంపెనీ వారు తలపెట్టిన కార్యం గొప్పది. మీరు చెప్పినట్టే సంతోషించాము.

కొలతలు తీసేవాళ్ళు వచ్చి వెళ్ళారు. టైలరమ్మా మెట్లమామ్మా మా గుమ్మంలోకి వచ్చి, "ఇది చేయిస్తున్నది మీ ఆడపడుచే కదా" అని అడిగారు. అవునని చెప్పాను. ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయారు.

మీ అన్నయ్య క్షేమం. కేంద్రం తెరిచే రోజుకి చాపలు ఉతికి మడతపెట్టేస్తాను. కుర్చీ అవసరం లేదు.

ఇట్లు,
మీ వదిన


ఆగస్టు 2

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నన్ను మీరు అని రాశావు. మొదట సరదాకేమో అనుకున్నాను. తర్వాత, నడుం నొప్పి ఎక్కువై ఎవరిచేతనైనా రాయించావేమో అనుకున్నాను. కానీ అక్షరాలు నీవే.

రాత్రంతా ఆలోచిస్తే అర్థమైంది. కేంద్రంలో నీకు పని ఇస్తామని నేను ఒక్క మాటైనా రాయలేదు. నాదే పొరపాటు. ఇవాళే వెళ్ళి అడిగాను. పంతులమ్మ పనికి సర్టిఫికెట్టు ఉండాలట, అది మార్చడం నా చేతిలో లేదు. పైగా నా బంధువులకి పెద్ద పని ఇస్తే మాట వస్తుంది. బతిమాలి బతిమాలి ఆయా పని ఒకటి ఒప్పించాను. గదులు తుడవడం, పిల్లల చేతులు మూతులు కడగడం, అంతే. కష్టం ఉండదు. నెలనెలా జీతం వస్తుంది.

ప్రారంభోత్సవం పదో తారీకున. పెద్దాయన స్వయంగా వస్తున్నారు. రిబ్బను పళ్ళెం పట్టుకోవడానికి నీ పేరు రాయించాను. నేను రాలేను, ఆ రోజు ఇక్కడ ఇంకో పని పడింది. నువ్వు ముందు వరసలో ఉంటే నేను ఉన్నట్టే.

నీ ఆడపడుచు


సెప్టెంబరు 8

అమ్మాయీ,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో నాకే భయమేసింది. ఇప్పుడు రాయక తప్పని పని జరిగింది.

ముందు నా మాట. ఎత్తుకుపోతే బాగుండు అన్నాను నిజమే. కన్నతల్లి విసుగెత్తి "వీణ్ణి ఎవరికైనా ఇచ్చేస్తాను" అంటే ఎవరైనా సంచి పట్టుకుని గుమ్మంలోకి వస్తారా? నా ముందుగది నాకు బరువని నీకు నువ్వే అనుకున్నావు. ఆ బరువే లేకపోతే నాకు పొద్దు ఎలా గడుస్తుందో అడగలేదు. తర్వాత ఆయా పని అన్నావు. నేను పెంచిన పిల్లల మూతులు కడగడానికి ఎవరో బతిమాలితే నాకు అనుమతి వచ్చిందని చదివినప్పుడు, మీ అన్నయ్యకి వినిపించకుండా ఆ ఉత్తరం దాచేశాను. పళ్ళెం పట్టుకోవడానికి నేను వెళ్ళలేదు. ఎవరో పట్టుకున్నారు, రిబ్బను తెగింది.

ఇక కేంద్రం సంగతి. బాగుంది, లేదనను. పంతులమ్మలు మంచివాళ్ళు, పాటలు నేర్పుతారు. కానీ అది తొమ్మిదింటికి తీస్తారు, అయిదింటికి మూస్తారు. షిఫ్టు ఆరింటికని నేను నీకు రాశాను. మీ పెద్దాయనకి ఆ ముక్క కూడా చదివావో లేదో తెలియదు.

పొడుగమ్మాయి గురించి రాశాను కదా. ఇంట్లో ఆమే, కూతురే. కేంద్రం తెరిచాక మొదటి నాలుగు రోజులు పిల్లని గేటు దగ్గర కాపలా ఆయన గదిలో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. అది కుదరదని మేనేజరు అన్నాడు, ఆయన అన్నదీ న్యాయమే. మర్నాడు చీకటితో నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని నా గుమ్మంలో నిలబడింది. లోపల చాపలు మడతపెట్టి ఉన్నాయి. నేను తలుపు పూర్తిగా కూడా తియ్యలేదు. "కంపెనీ బడి ఉందిగా, అక్కడికే తీసుకెళ్ళు" అన్నాను. కోపం నీమీద, పడింది ఆమె మీద. పిల్ల తల సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ వారం ఆమె పనికి వెళ్ళలేదు. ఆ తర్వాతి వారం ఆమె బల్ల దగ్గర ఇంకొకరు కూర్చున్నారు. సంగతి మీ అన్నయ్య వచ్చి చెబితే నేను వాళ్ళింటికి పరుగెత్తాను. నన్ను తిడుతుందనుకున్నాను. కుర్చీ వేసి టీ పెట్టి, "మీదేముంది పిన్నీ, మీ ఇల్లు మీ ఇష్టం" అంది. తిట్టినా బాగుండేది.

చాపలు మళ్ళీ పరిచాను. పిల్లలు కొందరు వస్తున్నారు. టైలరమ్మ మాత్రం తను పిల్లల్ని ఉంచే గదిలో ఇంకో కుట్టుమిషను వేసేసుకుంది, ఇక పిల్లల జోలికి రానంటోంది. పొడుగమ్మాయి పని పోయింది. అందులో నా పాలు నాది, నీ పాలు నీది. నాది నేను దిద్దుకోలేను, ఆ పని ఇవ్వడం నా చేతిలో లేదు. నీ చేతిలో ఉందేమో చూడు.

వదిన


సెప్టెంబరు 25

అమ్మాయీ,

నువ్వు మొన్న ఊళ్ళోకి వచ్చావట. గేటు ఎదురుగా టీ కొట్టులో రెండు రోజులు కూర్చున్నావట. టీ కొట్టాయన మీ అన్నయ్యతో అన్నాడు. మీ అన్నయ్య నమ్మలేదు. "మా చెల్లెలైతే ఇంటికి రాకుండా పోదు, ఇంకెవరినో చూసి ఉంటావు" అని ఆయనతో వాదించి వచ్చాడు.

నేను నమ్మాను. వచ్చి కూడా రాలేదంటే, నేను రాసిన ఉత్తరం నీకు గట్టిగానే తగిలి ఉంటుంది. నిన్ను గుమ్మం తొక్కవద్దని నేను ఎక్కడా రాయలేదు. మీ అన్నయ్య సాయంత్రం దాకా వీధి వైపే చూస్తూ కూర్చున్నాడు. భార్యకీ చెల్లెలికీ మధ్య అడకత్తెరలో పోకచెక్కయ్యాడు పాపం. ఇంతకీ ఎందుకు రాలేదో రాయి, ఆయనకి చదివి వినిపిస్తాను.

వదిన


అక్టోబరు 6

వదినా,

అన్నయ్యకి ముందు ఇది చదువు: టీ కొట్టులో కూర్చున్నది నేనే. ఆయనతో వాదించినందుకు ఆ టీ కొట్టాయనకి క్షమాపణ చెప్పమను.

నీమీద కోపంతో రాకపోవడం కాదు. నీ ఉత్తరం చదివాక నీ ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇంకొకటి కూడా. మీ ఇంటికి వస్తే నువ్వు నాకు పెట్టి, పడుకోబెట్టి, పంపించేస్తావు. నేను మళ్ళీ వీధి చూడకుండానే వెళ్ళిపోతాను. అందుకని లాడ్జీలో దిగాను. షిఫ్టు మారినప్పుడల్లా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పొద్దున వెళ్ళేవాళ్ళ భుజాల మీద పిల్లల్ని చూశాను. వాళ్ళలో ఎవరికీ నేనెవరో తెలియదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కొన్ని మాటలు నీకు రాయలేను.

తర్వాత పొడుగమ్మాయి ఇంటికి వెళ్ళాను. నేనెవరో చెప్పాను. టీ పెట్టింది. "కేంద్రం ఎలా ఉండాలి" అని అడిగితే, "ఇంత పని చేశారు, మొదటే మమ్మల్ని ఒక్కసారి అడిగి ఉంటే మీకే శ్రమ తగ్గేది" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా నా శ్రమ గురించే చెప్పినట్టు చెప్పింది.

తిరిగొచ్చి పెద్దాయన దగ్గర మీటింగు పెట్టించాను. రెండంతస్తుల భవనం వద్దన్నాను. పిల్లల్ని చూసుకునే పని ఆ వీధుల్లో మనకంటే ముందే ఉంది, మనం చెయ్యాల్సింది దాన్ని నిలబెట్టడం అన్నాను. ముందుగదుల కిటికీలూ నేలా బాగుచేయించడం, మరుగుదొడ్డి లేనిచోట కట్టించడం, చూసుకునేవాళ్ళకి కంపెనీయే నెలనెలా జీతం ఇవ్వడం, వారానికోసారి నర్సు రావడం. ఇందులో ఏది ముందు, ఏది వెనక, ఎవరి గది సరైనది అన్నది తల్లులే తేల్చాలి. ఫ్యాక్టరీ పక్కన బతికేవాళ్ళకి ఏదైనా చెయ్యాలంటే వాళ్ళు చేసుకుంటున్నది ముందు చెడగొట్టకూడదని కూడా అన్నాను.

పెద్దాయన అంతా విన్నారు. విని, "మరి మన పేరు ఎక్కడ రాస్తాం?" అన్నారు.

అప్పుడు ఫ్యాక్టరీ మేనేజరు, నేను ఊహించని మనిషి, లేచాడు. "పేరు సంగతి నాకు తెలియదు సార్. రెండు నెలలుగా నా పొద్దున షిఫ్టు బల్లలు సగం ఖాళీ. వాళ్ళని నాకు తిరిగి ఇప్పించండి" అన్నాడు. పెద్దాయన నవ్వలేదు గానీ, సరే, ఒక ఏడాది చూద్దాం అన్నారు. భవనం ఆగింది. కేంద్రాన్ని ఎత్తెయ్యడం లేదు. కాస్త పెద్ద పిల్లలు పగటిపూట అక్కడికి వెళ్ళి పాటలు నేర్చుకోవచ్చు.

పొడుగమ్మాయిని తిరిగి తీసుకోమని అదే రోజు సంతకం అయింది. ఈపాటికి ఆమెకి కబురు అంది ఉంటుంది.

ఇకనుంచి అక్కడికి మా ఆఫీసు నుంచి వేరే ఆయన వస్తాడు. కొత్తవాడు, బిడియం ఎక్కువ. అతన్ని మరీ ఆడించకండి. నన్ను మళ్ళీ పాత పనిలోకే, సీసాలు పంపడంలోకే వేశారు. అదీ మంచిదేలే, అలవాటైన పని.

ఆయా ఉద్యోగం గురించి ఇంకెప్పుడూ మాట్లాడుకోవద్దు.

నీ ఆడపడుచు


డిసెంబరు 2

అమ్మాయీ,

ఇల్లంతా సున్నం వాసన. కిటికీకి కొత్త తలుపు పడింది. మూస్తే మూసుకుంటోంది, అది ఇంకా నమ్మకం కుదరక రోజుకి పదిసార్లు మూసి చూస్తున్నాను. మెట్లమామ్మ ఇంటి వెనక మరుగుదొడ్డి లేచింది. ఆవిడ దానికి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని తిరుగుతోంది. పిల్లలకి అవసరమైనప్పుడల్లా ముందు మామ్మని వెతకాలి. నర్సు రావడం మొదలైంది. టైలరమ్మ ఎంత చెప్పినా మళ్ళీ రాలేదు, "ఒకసారి పోయింది చాలు" అంది. మురుగుకాలువ ఎక్కడిదక్కడే. రాత్రి షిఫ్టు తల్లులకి ఏం చెయ్యాలో ఇంకా ఎవరికీ తోచలేదు. అన్నీ అయిపోయాయని రాస్తే నువ్వు మళ్ళీ మీ పెద్దాయనకి చదువుతావేమోనని ఉన్నది రాస్తున్నాను.

పొడుగమ్మాయి తన బల్ల దగ్గరికి వెళ్తోంది. పిల్లని మాత్రం మొదట నా దగ్గర దింపలేదు, మెట్లమామ్మ దగ్గర దింపేది. ఎందుకని అడిగే మొహం నాకు లేదు.

మీ కొత్తాయన వచ్చాడు. నిజంగానే బిడియస్తుడు, మా గుమ్మంలో చెప్పులు విప్పడానికే అయిదు నిమిషాలు ఆలోచించాడు. ఆయన్ని కూర్చోబెట్టి నీ గురించి అడిగాను. నీళ్ళు నమిలాడు. మీ అన్నయ్య పక్కన చేరి, వినపడటం లేదు గట్టిగా చెప్పు, గట్టిగా చెప్పు అంటూ మొత్తం రాబట్టాడు. బంధువుల గదికి కంపెనీ సొమ్ము వెళ్తుంటే ఆ పని నీ చేతిలో ఉండకూడదట. నా ముందుగదినైనా పక్కన పెట్టాలి, నువ్వైనా తప్పుకోవాలి అన్నారట. ఆలోచించుకోవడానికి వారం గడువిస్తే నువ్వు ఆ కుర్చీలోంచి లేవకుండానే "నేను తప్పుకుంటాను" అన్నావట. అలవాటైన పని, మంచిదేలే, అని నాకు రాశావు. నోట్లో నాలుక లేనిదానిలా ఎప్పటినుంచి తయారయ్యావు?

మీ అన్నయ్య ఆ మాట విన్నాక చాలాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమటట. డిసెంబరులో.

పోయిన ఆదివారం తల్లులు టీ కొట్టు దగ్గర కూడి, గదులకి షరతులు రాసుకున్నారు. పొడుగమ్మాయే చదివింది. చేతులు శుభ్రంగా ఉండాలి, జబ్బు పిల్లని విడిగా పడుకోబెట్టాలి, ఇలాంటివి. చివరి షరతు చదివేముందు ఒక్క క్షణం నావైపు చూసింది. "పిల్లల్ని చూసుకునేవాళ్ళు మానుకోదలిస్తే నెల ముందు చెప్పాలి. కోపం వచ్చినా సరే, ఆ నెల తలుపు తీసే ఉంచాలి" అని చదివింది. నేను లేచి అందరికంటే ముందు వేలిముద్ర వెయ్యడానికి వేలు చాపి, సిరా తెమ్మన్నాను. "సంతకం చెయ్యడం వచ్చుగదా పిన్నీ" అంది పొడుగమ్మాయి. చేశాను. మర్నాడు పొద్దున చీకటితో తలుపు చప్పుడైంది. తీస్తే పొడుగమ్మాయి, భుజాన పిల్ల. నిద్రలో ఉన్న పిల్లని నా భుజం మీదికి మార్చి పనికి వెళ్ళింది.

ఆ షరతు నాకు నచ్చింది. మన ఇద్దరికీ కూడా అదే పెడుతున్నాను. ఇకమీదట నువ్వు ఊళ్ళోకి వచ్చి మన ఇంటికి రాకుండా వెళ్ళాలనుకుంటే నెల ముందు రాసి పంపాలి. నేను నిన్ను మీరు అని పిలవాలన్నా అంతే.

వచ్చేటప్పుడు ఉత్తరం రాయక్కర్లేదు.

వదిన